పి.కె. సేథీ: జైపూర్ పాదం, పట్టా, పనితనం

కృత్రిమ కాళ్లు, చేతుల తయారీని మన దేశంలో ఇప్పుడు డిగ్రీగా చదువుకోవచ్చు. దాని పేరు బ్యాచిలర్ ఆఫ్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, పొట్టిగా బీపీఓ. ఈ మూడక్షరాలు వినగానే కాల్ సెంటర్ ఉద్యోగం గుర్తొచ్చేవాళ్లే మనలో ఎక్కువ. పోయిన అవయవానికి బదులు అమర్చేది ప్రోస్థెటిక్స్. ఉన్న అవయవానికి బలం చాలనప్పుడు కట్టే కాలిపర్లు, పట్టీలు, ప్రత్యేకమైన చెప్పులు ఆర్థోటిక్స్ కిందికి వస్తాయి. కటక్ దగ్గరున్న ఓలట్‌పూర్‌లోనో, కోల్‌కతాలోనో ఉన్న జాతీయ సంస్థలో సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల చదువు. ఆ తర్వాత భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకుంటేనే ఆ పని చేసే హక్కు వస్తుంది.

ఈ చదువులో భారతదేశం పేరు మీద ప్రపంచమంతా చెప్పుకునే పాఠం ఒకటి ఉంది. అది జైపూర్ పాదం. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యులైన ఇద్దరిలో ఒకరు సర్జన్. ఆయనకు ఈ విద్యలో ఏ పట్టా లేదు. రెండో ఆయనకు బడి చదువే అంతంతమాత్రం. సర్జన్ పేరు ప్రమోద్ కరణ్ సేథీ. ఆయన చనిపోయి దాదాపు రెండు దశాబ్దాలవుతోంది. కాలు చేసే హక్కు ఎవరిది, చదువుకున్నవాడిదా, చేయి తిరిగినవాడిదా అన్న ప్రశ్న ఆయన జీవితమంతా వెన్నంటే ఉంది. అది ఇప్పటికీ తేలలేదు.

సేథీ 1927 నవంబర్ 28న కాశీలో పుట్టారు. తండ్రి భౌతికశాస్త్రం బోధించే ప్రొఫెసర్. వైద్య విద్య, ఆపై సర్జరీలో ఎమ్మెస్ ఆగ్రాలో చదివారు. 1954లో ఎడిన్‌బరో నుంచి ఎఫ్ఆర్‌సీఎస్ తెచ్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో ఆ నాలుగక్షరాలు పేరు పక్కన ఉన్న సర్జన్‌కు ఏ పెద్ద ఊళ్లో ప్రాక్టీసు పెట్టినా లోటుండేది కాదు. ఆయన మాత్రం జైపూర్ వెళ్లి సవాయ్ మాన్‌సింగ్ వైద్య కళాశాలలో సర్జరీ అధ్యాపకుడిగా చేరారు. ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపారు.

ఎముకల వైద్యంలోకి ఆయన కావాలని వచ్చిన మనిషి కాదు. 1950ల చివర్లో మెడికల్ కౌన్సిల్ తనిఖీకి వస్తోందని, కాలేజీలో ఆర్థోపెడిక్స్ విభాగం లేదని అధికారులకు గుర్తొచ్చింది. ఆ బాధ్యత సేథీ మీద పడింది. అప్పటికి ఆయన సాధారణ సర్జనే. ఎముకల వైద్యంలో ప్రత్యేక శిక్షణ లేదు. పుస్తకాలు చదువుకుంటూ, రోగుల్ని చూసుకుంటూ నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో పట్టా లేని పనివాడి మాటను ఆయన అంత శ్రద్ధగా వినగలగడానికి ఈ అనుభవం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. తెలియని విద్యను మొదటి మెట్టు నుంచి నేర్చుకోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఆ వార్డులో ఆయనకు ఎదురైనవాళ్లు ఎక్కువగా పోలియో పిల్లలు, ప్రమాదాల్లో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు. ఆపరేషన్ చేసి పంపేస్తే సర్జన్ పని అయిపోయినట్టే. ఆ తర్వాత రోగి ఎలా బతుకుతున్నాడన్నది అప్పట్లో ఎవరి లెక్కలోనూ లేదు. కృత్రిమ కాలు కావాలంటే రాజస్థాన్ పల్లె నుంచి పుణె దాకా వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, సైనికుల కోసం పెట్టిన కృత్రిమ అవయవాల కేంద్రం అక్కడుంది. అప్పోసప్పో చేసి అంత దూరం వెళ్లి కాలు పెట్టించుకొచ్చినవాళ్లు కూడా కొన్నాళ్లకు మళ్లీ చంకకర్రలతోనే సేథీకి కనిపించేవారు. ఖరీదైన కాలు ఇంట్లో మూలన పడి ఉండేది.

చాలామంది డాక్టర్లు ఇలాంటిచోట తప్పు రోగి మీదికి నెడతారు. చదువు లేదు, ఓపిక లేదు, వాడటం రాదు అంటారు. సేథీ అలా అనుకోలేదు. కాలు ఎందుకు తీసేశారో వాళ్లనే అడిగారు. వచ్చిన జవాబులు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేనివి.

అప్పట్లో పాశ్చాత్య దేశాల్లో విరివిగా వాడింది సాచ్ పాదం. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైంది. మడమ దగ్గర మెత్తటి దిండు, మధ్యలో గట్టి చెక్క, కదలని చీలమండ. చదునైన నేల మీద, బూటు తొడుక్కుని నడిచి, కుర్చీలో కూర్చునే మనిషికి అది చక్కగా సరిపోతుంది. మన రైతు ఇంట్లోకి వచ్చేముందు చెప్పులు విడుస్తాడు. గుడికైనా మసీదుకైనా వట్టి కాళ్లతో వెళ్తాడు. కింద బాసింపట్టు వేసుకుని, తెలంగాణలోనైతే సక్లముక్లం పెట్టుకుని, అన్నం తింటాడు. దొడ్డికి వెళ్లినా, కలుపు తీసినా గొంతుక్కూర్చోవాలి. బురదలో దిగాలి, గట్టు మీద నడవాలి. సాచ్ పాదం ఇందులో ఒక్కటీ చేయనివ్వదు. బూటు లేకుండా వేసుకుంటే నలుగురిలో అది కొయ్యకాలని ఇట్టే తెలిసిపోతుంది. బూటు వేసుకుంటే ఇంట్లోకి రానివ్వరు. నీళ్లు తగిలితే చెక్కా, స్పాంజీ పాడైపోతాయి. వీటన్నిటికంటే చంకకర్రే నయమని రోగి తేల్చుకున్నాడు. అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది.

అంటే లోపం ఇంజనీరింగులో కాదు, ఎవరి బతుకును ముందు పెట్టుకుని ఆ ఇంజనీరింగు చేశారన్న దాంట్లో ఉంది. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా చెప్పేస్తున్నాం. 1960లలో ఎఫ్ఆర్‌సీఎస్ చదివొచ్చిన సర్జన్‌కు అది తట్టడం సామాన్యం కాదు.

సేథీ పాదానికి కావలసిన లక్షణాలు రాసుకున్నారు. బూటు అక్కర్లేకుండా నడవగలగాలి. చూడటానికి పాదంలాగే ఉండాలి. నీళ్లకు పాడవకూడదు. గొంతుక్కూర్చున్నప్పుడు చీలమండ ముందుకు వంగాలి. ఎగుడుదిగుడు నేల మీద అడుగు అటూఇటూ ఒరగాలి. బాసింపట్టు వేసుకున్నప్పుడు పాదం లోపలికి తిరగాలి. దగ్గర్లో దొరికే సరుకుతో, తక్కువ ఖర్చులో తయారవ్వాలి. ఇందులో మధ్య మూడూ శరీరశాస్త్రం తెలిసినవాడు మాత్రమే అంత నిక్కచ్చిగా చెప్పగలిగినవి. పాదంలో ఏ కీలు ఏ దిశలో ఎంత కదులుతుందో సర్జన్‌కు తెలుసు. ఆ కదలికను ఏ వస్తువులోంచి రాబట్టాలో ఆయనకు తెలియదు.

అది తెలిసిన మనిషి ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. రామ్‌చంద్ర శర్మను అందరూ మాస్టర్‌జీ అనేవారు. తరాలుగా చేతివృత్తులే ఆధారంగా బతికిన కుటుంబం. రోగులకు చేతిపనులు నేర్పడానికి ఆయన్ని ఆసుపత్రిలో పెట్టుకున్నారు. శిల్పం, లోహం, చెక్క, ఏది పట్టుకున్నా చేతికి లొంగేది. సైకిల్ టైరు పంక్చరై దుకాణం దగ్గర ఆగినప్పుడు పక్కన లారీ టైరుకు కొత్త రబ్బరు అతకడం చూసి, పాదాన్ని కూడా ఇలా పోత పోయవచ్చు కదా అని ఆయనకు తట్టిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. కథలో రంగులు ఎంత కలిశాయో గానీ, తొలి రబ్బరు పాదాలు టైర్ల రీట్రేడింగ్ దుకాణంలోనే ఉడికాయన్నది నిజం.

మొదట పూర్తిగా రబ్బరుతోనే పోశారు. అది బరువైంది, బిరుసైంది, కావలసిన చోట వంగలేదు. మారుస్తూ, రోగుల కాళ్లకు కట్టి నడిపించి చూస్తూ, విరిగినచోట మళ్లీ చేస్తూ చివరికి మూడు దిమ్మల అమరికకు వచ్చారు. మడమకు ఒకటి, పాదం ముందు భాగానికి ఒకటి, రెండూ స్పాంజిలాంటి రబ్బరువి. చీలమండ దగ్గర చెక్క దిమ్మ. మూడింటినీ టైర్లలో వాడే నైలాన్ దారాల రబ్బరుతో చుట్టి, అడుగున గట్టి రబ్బరు, పైన చర్మం రంగు రబ్బరు పొరలు వేసి, పాదం ఆకారపు లోహపు అచ్చులో పెట్టి ఉడికిస్తారు. వేళ్లు, గోళ్ల గీతలతో సహా పాదం బయటికొస్తుంది. లోపలి దిమ్మలు ఒకదానికొకటి గట్టిగా బిగిసి ఉండవు. కదలిక వచ్చేది ఆ వదులులోంచే. విడిగా చీలమండ కీలు పెట్టకుండానే పాదం మూడు దిశల్లోనూ ఒరుగుతుంది. ఎముకలు, కండరాలు, చర్మం కలిసి చేసే పనిని వేరువేరు రబ్బర్ల చేత చేయించారు.

1960ల చివరికి పాదం రోగుల వాడకంలోకి వచ్చింది. పై భాగానికి అల్యూమినియం రేకును స్థానిక పనివాళ్లే సుత్తితో సాగగొట్టి పిక్క ఆకారం తెచ్చేవారు. వంటపాత్రలు చేసే చేతులకు అది కొత్త పనేమీ కాదు. చాలా ఏళ్ల తర్వాత దాని చోట్లోకి నీళ్ల పైపుల ప్లాస్టిక్ వచ్చింది. డాక్టర్ ఎస్.సి. కాస్లీవాల్, డాక్టర్ మహేశ్ ఉదావత్ కూడా ఈ పనిలో మొదటి నుంచీ ఉన్నవాళ్లే.

అంత మంచి పాదం చాలా ఏళ్లు జైపూర్ గడప దాటలేదు. 1968 నుంచి 1975 వరకు దాన్ని పెట్టించుకున్నవాళ్లు 59 మందేనని లెక్క చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక విభాగం తన తీరిక వేళల్లో చేయగలిగింది అంతే. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఐఏఎస్ అధికారి డి.ఆర్. మెహతా భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితిని స్థాపించారు. అంతకు కొన్నేళ్ల ముందు ఒక రోడ్డు ప్రమాదంలో మెహతా కాలు నుజ్జయి, తీసేయాల్సినంత పని అయ్యింది. తనలా తప్పించుకోలేని పేదలకు కాలు ఉచితంగా ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. సమితి వచ్చాక సంఖ్య వేలల్లోకి, తర్వాత లక్షల్లోకి వెళ్లింది. పొద్దున వచ్చిన మనిషిని సాయంత్రానికి నడిపించి పంపే పద్ధతి అక్కడ స్థిరపడింది. మందుపాతరలతో కాళ్లు పోగొట్టుకున్న అఫ్ఘానిస్తాన్, కంబోడియా ప్రజలకూ ఆ పాదం చేరింది. సేథీ బృందం దానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఈ కథ సినిమాగా చేరింది. భరతనాట్య కళాకారిణి సుధా చంద్రన్ 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడి కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ వెళ్లి సేథీ దగ్గర కాలు పెట్టించుకుని, 1984లో మళ్లీ వేదికెక్కారు. ఆ జీవితాన్నే రామోజీరావు నిర్మాణంలో సింగీతం శ్రీనివాసరావు మయూరిగా తీశారు. ఆమె పాత్రను ఆమే వేశారు. నలభై దాటిన తెలుగువాళ్లలో చాలామందికి జైపూర్ కాలు అన్న మాట ఆ సినిమాతోనే తెలిసింది. సినిమా మనకు పట్టుదలను చూపించింది. కానీ గొంతుక్కూర్చోవడానికి పనికొచ్చేలా చేసిన పాదం మీద అరమండి సాధ్యమైందంటే అందులో పాదం గొప్పతనం కూడా ఎంతో ఉంది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

1981లో సేథీకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పద్మశ్రీ కూడా వచ్చింది. మాస్టర్‌జీకి ఆ రెండూ రాలేదు. పాదం ఎవరిదన్న వాదం జైపూర్‌లో చాలాకాలం నడిచింది. ఆలోచన శర్మదని, పేరు సేథీ కొట్టేశారని ఒక వర్గం అంది. సర్జన్ చెప్పకపోతే శర్మకు పాదంలో ఏ కదలిక కావాలో తెలిసేదే కాదని మరో వర్గం అంది. ఈ వాదంలో ఎవరో ఒకరి పక్షం వహించమంటే నాకు ఇబ్బందే. పాదం నిర్మాణాన్ని చూస్తే రెండు రకాల తెలివినీ విడదీసే గీత కనిపించదు. బహుమతుల వ్యవస్థకు మాత్రం ఆ గీత స్పష్టంగా కనిపించింది. అది ఎప్పటిలాగే పట్టా ఉన్నవైపే వాలింది.

ఒక్కచోట మాత్రం అలా జరగలేదు. 1978లో ఈ పాదం గురించి సేథీ బృందం రాసిన పరిశోధన వ్యాసం అంతర్జాతీయ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ సంఘం పత్రికలో వచ్చింది. రచయితలు నలుగురు. సేథీ, ఉదావత్, కాస్లీవాల్, నాలుగో పేరు ఆర్. చంద్ర. ఆయన మాస్టర్‌జీయే. ప్రపంచంలోని ప్రోస్థెటిస్టులు చదివే పత్రికలో, కాలేజీ ముఖం చూడని పనివాడు సర్జన్ల పక్కన రచయితగా నిలిచాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఈరోజుకీ ల్యాబ్ టెక్నీషియన్ పేరు వ్యాసంలో ఎక్కడ వస్తుందో, అసలు వస్తుందో రాదో చూస్తే దీని విలువ తెలుస్తుంది.

అంతమాత్రాన సేథీని చదువుకు వ్యతిరేకిగా చూడటం తప్పు. ఆయన చివరి పాతికేళ్లు చూస్తే కథ ఇంకోవైపు తిరుగుతుంది. సంఖ్యలు పెరిగేకొద్దీ ఆయనకు దిగులు పట్టుకుంది. శిబిరాల్లో ఒకేరోజు వందలమందికి కాళ్లు కట్టి పంపడం, ఆ తర్వాత వాళ్లను మళ్లీ చూసేవాళ్లు లేకపోవడం ఆయనకు నచ్చలేదు. నాణ్యత చూసుకోకుండా ఎవరు పడితే వాళ్లు అచ్చులు పోసి జైపూర్ పాదం పేరుతో ఇవ్వడమూ నచ్చలేదు. సమితికి ఆయన క్రమంగా దూరమయ్యారు. ఉచితంగా ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అన్న ధోరణిని ఆయన ఒప్పుకోలేదు. సరిగా కుదరని కాలు పేదవాడి మొండికాలిని కూడా అంతే పుండు చేస్తుంది.

ఇక్కడే డిగ్రీ చదువు అవసరం తెలుస్తుంది. బయటివాళ్లు పాదాన్ని చూస్తారు. రోగికి సుఖమో నరకమో అయ్యేది సాకెట్, అంటే మొండికాలు దూరే గిన్నె. మోకాలి కింద కాలు పోతే ఒంటి బరువు ఎక్కడ మోపాలి, ఎక్కడ ఎముక తగలకుండా ఖాళీ వదలాలి, ప్లాస్టర్ అచ్చును ఎక్కడ చెక్కాలి, పాదాన్ని సాకెట్ కింద ఎంత ముందుకు, ఎంత వాలుగా అమర్చాలి, ఇవన్నీ శరీరశాస్త్రం, బలాల లెక్క కలిసిన విషయాలు. విద్యార్థులు ఏళ్ల తరబడి నేర్చుకునేది ప్రధానంగా ఇదే. జైపూర్ పాదాన్ని సాచ్, సియాటిల్ పాదాలతో పోల్చి 1995లో ప్రచురించిన అధ్యయనంలో నడక సహజత్వంలో జైపూర్ పాదానికే మంచి మార్కులు పడ్డాయి. ప్లాస్టిక్ పైపుతో చేసే జైపూర్ కాలు పెట్టించుకున్నవాళ్లను పలు దేశాల్లో పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం మాత్రం సాకెట్ కుదరడంలో, పనితనంలో లోపాలను ఎత్తిచూపింది. పాదం బాగుంది, కాలు కుదరలేదు.

1989లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ మహాసభలో ఈ రంగంలో పెద్ద గౌరవంగా భావించే క్నుడ్ యాన్సెన్ ఉపన్యాసం ఇచ్చే అవకాశం సేథీకి దక్కింది. ఆయన ఎంచుకున్న అంశం వర్ధమాన దేశాలకు తగిన సాంకేతికత. ధనిక దేశాల పాఠ్యప్రణాళికను తెచ్చి ఇక్కడ అతికిస్తే తయారయ్యేవాళ్లు ఇక్కడి రోగికి పరాయివాళ్లవుతారన్నది ఆయన ఎన్నో ఏళ్లుగా చేస్తూ వచ్చిన వాదన. పనివాడికి శాస్త్రం నేర్పాలి, శాస్త్రం చదివినవాడు పనివాడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. రెండోది మొదటిదానికంటే కష్టమని ఆయనకు అనుభవమే.

తర్వాత దేశంలో జరిగింది సగమే. 1992 చట్టంతో పునరావాస మండలి వచ్చింది. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. అంతర్జాతీయ సంఘం కూడా ఈ వృత్తిలో పనిచేసేవాళ్లను మూడు మెట్లుగా విడదీసింది. పైన డిగ్రీ చదివినవాళ్లు, మధ్యలో టెక్నాలజిస్టులు, కింద బల్ల దగ్గర పనిచేసే టెక్నీషియన్లు. రోగికి ఇది రక్షణే. అడ్డగోలు కాళ్లను ఆపాలంటే ఇలాంటి కట్టడి కావాలి. కానీ ఈ మెట్ల మీద రామ్‌చంద్ర శర్మ ఎక్కడ నిలబడేవారు? అట్టడుగున, సర్జన్‌తో నేరుగా మాట్లాడే వీల్లేని చోట. సేథీకైనా కాలు అమర్చే హక్కు ఉండేది కాదు, రాసిచ్చే హక్కే ఉండేది.

ఇంకో విషయం కూడా ఉంది. మధుమేహంతో కాళ్లు తీసేయాల్సి వస్తున్న రోగులు తెలుగు రాష్ట్రాల్లో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి ఇంకా కుర్చీ, బూటు, చదునైన నేల ఉన్న జీవితం లేదు. ఈ చదువులోకి వస్తున్న పిల్లలకు కార్బన్ ఫైబర్, త్రీడీ ప్రింటింగ్ మీద ఉన్న ఆసక్తి రోగి ఇంటి గడప మీద, పొలం గట్టు మీద కూడా ఉండాలంటే వార్డులో కూర్చుని అడిగే అలవాటు కావాలి. అది పాఠ్యప్రణాళికలో గంటల లెక్కన పెట్టగలిగేది కాదు. అయినా ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు.

పదవీ విరమణ తర్వాత సేథీ జైపూర్‌లోనే సంతోక్‌బా దుర్లభ్‌జీ ఆసుపత్రిలో పని కొనసాగించారు. వ్యాసాలు రాశారు, వచ్చిన విద్యార్థులతో వాదించారు, తన పాదంలోని లోపాల గురించి తనే మాట్లాడారు. 2008 జనవరి 6న జైపూర్‌లో గుండె ఆగి చనిపోయారు. అప్పుడు ఆయన వయసు 80.